ఛాతీ లోతు నీళ్ళు

జూన్ 3

వదినకు,

క్షేమంగా ఇల్లు చేరాను. దారి పొడవునా మా వాడు "నీళ్ళు తాగమ్మా, కాళ్ళు చాపుకోమ్మా" అంటూ నా ప్రాణం తీశాడు. నిన్ను మంచం మీద వదిలి మెట్లు దిగేటప్పుడు ఒక్కసారైనా వెనక్కి చూడలేదని నొచ్చుకున్నావేమో. చూస్తే అక్కడే ఆగిపోయేదాన్ని.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటాడు మా వాడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కూర్చుని ఊరందరి మాటలూ కలిపి కలిపి రిటైరైనదాన్ని, ఇప్పుడు రిసీవర్ చెవికి ఆనిస్తే నాకు ఒళ్ళు మంట. పైగా నీకు ఫోన్లో సగం వినపడదు. వినపడని సగానికి కూడా "ఊఁ, ఊఁ" అంటావు. అందుకని ఉత్తరాలే.

అసలు సంగతికి వస్తాను. నీ గది సిద్ధం చేయిస్తున్నాను. వీధి వైపు కిటికీ ఉన్న గది. కిటికీ కింద నీ కుట్టుమిషను సరిగ్గా పడుతుంది, నేనే టేపు పెట్టి కొలిచాను. బాత్‌రూములో పట్టుకోవడానికి గోడకు కడ్డీలు బిగించాడు మా వాడు. కోడలు మందుల షాపులో పని చేస్తుంది కాబట్టి మాత్రలకు వెతుక్కోనక్కర్లేదు. ఇంకేం కావాలి? కింద కొట్టు ఎవరికైనా అప్పజెప్పి వచ్చెయ్యి. స్టూలెక్కి పై అరలో గుడ్డ తాను అందుకోబోయి తుంటి విరగ్గొట్టుకున్నావు. నీ వయసులో స్టూలెక్కడమేమిటి? ఈసారి పడితే పక్కన ఎవరుంటారు? అన్నయ్య ఉన్నన్నాళ్ళూ నాకు నీ గురించి దిగులుండేది కాదు. ఇప్పుడు ఆయన బదులు నేను దిగులు పడాలి కదా.

ఎప్పుడొస్తావో రాయి. వస్తావా అని అడగడం లేదు, చూసుకో.

నీ మరదలు

జూన్ 19

మరదలు పిల్లా,

నీ గది గురించి చదివాను. మిషనుకు చోటు కొలిచావన్న దగ్గర కాసేపు ఆగి మళ్ళీ చదువుకున్నాను. దాని గురించి తర్వాత రాస్తాను. ముందు నేను నీళ్ళలో దిగిన ముచ్చట చెప్పాలి.

డాక్టరు కుట్లు చూసి బాగా మానాయన్నాడు. నేనూ అద్దంలో చూసుకున్నాను. ఎవరు వేశారోగానీ ఒక్క కుట్టు వంకర పోలేదు, నా కొట్లో పని ఇవ్వొచ్చు. ఇక నేల మీద వ్యాయామాలతో పాటు నీళ్ళలో కూడా చెయ్యమన్నాడు. నీళ్ళలో ఒంటి బరువు తగ్గుతుందట, కీళ్ళకు నొప్పి తెలియదట, పడినా దెబ్బ తగలదట. మునిసిపాలిటీ వాళ్ళ ఈతకొలనులో పొద్దున పూట మావంటి వాళ్ళ కోసం గోరువెచ్చని నీళ్ళు పెడతారు. నేర్పే ఫిజియోథెరపీ అమ్మాయి మెళ్ళో ఎప్పుడూ ఒక విజిల్ ఉంటుంది. అందరం విజిలమ్మ అంటాం.

దిగడానికి మెట్లుండవు, ఏటవాలు దారి ఉంటుంది, రెండు పక్కలా కడ్డీలు. వాకరు గట్టు మీద వదిలెయ్యమంది. వదల్లేదు. "అమ్మగారూ, అది తడిస్తే తుప్పు పడుతుంది, వదలండి" అంది. అప్పుడు వదిలాను. నీళ్ళు మోకాళ్ళకు, నడుముకు, ఆ తర్వాత ఛాతీకి వచ్చాయి. ఛాతీ దాకా వచ్చేసరికి ఏమైందో తెలుసా, ఎవరో వెనకనుంచి వచ్చి నా మూటంతా తల మీదనుంచి దించుకున్నట్టయింది. ఆపరేషనయ్యాక మొదటిసారి రెండు కాళ్ళ మీదా సమంగా నిలబడ్డాను. నవ్వొచ్చింది. విజిలమ్మ కూడా నవ్వింది, కానీ ఆవిడ నవ్వింది వేరే దానికి. నేను వేసుకెళ్ళిన వదులు పైజామాలోకి గాలి పోయి, రెండు కాళ్ళూ రెండు దిండ్లలా ఉబ్బి పైకి తేలాయి! బతుకంతా ఊరికి యూనిఫారాలు కుట్టినదాన్ని, నా పైజామా నన్ను బోర్లా పడెయ్యబోయింది. పక్కనున్న డ్రైవరుగారు చెయ్యి పట్టుకోబట్టి సరిపోయింది. చాలా మంచాయన. గంటంతా చెయ్యి వదల్లేదు.

ఇంటికొచ్చి పడుకుంటే కలలు కూడా రానంత నిద్ర.

నీ తుంటి విరిగిన వదిన

జూలై 1

వదినా,

ఎవరా డ్రైవరుగారు?

చెయ్యి పట్టుకున్నాడు సరే, గంటంతా ఎందుకు పట్టుకున్నాడు? అన్నయ్య నీతో బజారుకొచ్చినా నాలుగడుగులు ముందు నడిచేవాడు తప్ప చెయ్యి పట్టుకోవడం నేనెరగను. నాకేమీ తప్పుడు ఆలోచన లేదు. నువ్వు ఎవరితోనైనా మాట్లాడొచ్చు. కానీ నేను గది గురించి అంత రాస్తే "తర్వాత రాస్తాను" అని ఒక్క ముక్కతో సరిపెట్టి, ఆయన మంచితనం గురించి మాత్రం వివరంగా రాశావు. ఆయనకు భార్య ఉందా?

ఇక ఆ నీళ్ళు. ఆ గట్టు మీద పాచి ఉండదూ? తడి కాళ్ళతో నడిచేటప్పుడు జారితే? తలుచుకుంటేనే నా గుండె నీరైపోతోంది. నిన్ను మంచం మీంచి మొదటిసారి లేపి నిలబెట్టినప్పుడు నువ్వు అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. అలాంటిది కావాలని నీళ్ళలోకి దిగడమేమిటి?

ఇక్కడ అంతా సుఖంగా ఉంది. పాలూ కూరగాయలూ మా వాడే తెస్తాడు. నేను మేడ దిగాల్సిన పనే లేదు. టీ కూడా కోడలు మంచం దగ్గరికే తెచ్చిస్తుంది. ఎదురింట్లో కొత్తగా దిగినవాళ్ళకు ఒక చిలక ఉంది, పొద్దున్నుంచీ తలుపు తీయమని అరుస్తుంది, వాళ్ళు తీయరు. నీ గదికి సున్నం వేయించాను. లేత పసుపు. కిటికీకి తెరలు నువ్వే వచ్చి కుట్టుకో.

నీళ్ళు నమలకుండా చెప్పు. వస్తున్నావా, రావా?

నీ మరదలు

జూలై 16

ఏమమ్మాయ్ మరదలా,

డ్రైవరుగారికి భార్య ఉంది. ఆవిడ కూడా నీళ్ళలోనే ఉంటుంది. ఆయన అటువైపు చేత్తో ఆవిణ్ణీ, ఇటువైపు చేత్తో నన్నూ పట్టుకున్నాడు. ఎందుకంటే అందరం గుండ్రంగా చేతులు పట్టుకుని పక్కకు నడవడం మొదటి రోజు పాఠం! ఆయన సిటీ బస్సులు నడిపి రిటైరైనాయన, నా కంటే పెద్ద. నీళ్ళలో వెనక్కి నడిచేటప్పుడు "రివర్స్, రివర్స్, ఇంకా రానీ" అని తనకు తనే కండక్టరు పని చేసుకుంటాడు. నీ ఉత్తరం గడియారాలు బాగుచేసే పక్క కొట్టాయనకు చదివి వినిపించాను. నవ్వలేక కంట్లోంచి ఆ భూతద్దం కిందపడింది.

పైజామా విషయం తేల్చేశాను. పక్కలకు చీలికలు పెట్టి, గాలి పోయే దారి వదిలి, కర్టెన్ల అంచుకు వేసే సీసపు గుళ్ళు కాలి మడతలో చేత్తోనే కుట్టాను. ఇప్పుడు గుడ్డ పైకి లేవదు, కాలికి అడ్డమూ పడదు. డ్రైవరుగారి భార్య చూసి తనకొకటి కుట్టమంది. ఆవిణ్ణి చూసి ఇంకొకరు. సిగ్గుతో నడుము లోతు దాటని ఒకావిడ నా పైజామా వేసుకున్న రోజున ఛాతీ దాకా వచ్చేసింది. సరే, కుట్టాలంటే మిషను కింద కొట్లో ఉంది కదా. ఇన్నాళ్ళూ కొలనుకు వెళ్ళాలంటే ఇద్దరు పట్టుకుని దింపేవారు, ఈసారి నేనొక్కదాన్నే మెట్లు దిగాను. కడ్డీ పట్టుకుని, మంచి కాలు ముందు కాదు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలే ముందు, విజిలమ్మ చెప్పినట్టే. కొలనులో నీళ్ళ కింద ఒక మెట్టు ఉంటుంది. దాని మీద ఎక్కీ దిగీ ఎక్కీ దిగీ ఈ కాలికి మళ్ళీ మాట వినడం వచ్చింది. కొట్టు తలుపు తీస్తే దుమ్ము వాసన, నూనె వాసన. అక్కడే స్టూలు మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. భయపడకు, ఎక్కలేదు, కూర్చున్నానంతే.

అందుకని నీ ప్రశ్నకు జవాబు: రాను. చూడ్డానికి వస్తాను, ఉండిపోవడానికి రాను. నాకు ఇంకా చేతనవుతుంది. నీకైతే టీ మంచం దగ్గరికొస్తుంది, పాలు గుమ్మంలోకొస్తాయి, మహారాణివి. నన్ను అలా కూర్చోబెడితే నెల తిరక్కుండా నీరుగారిపోతాను.

లేత పసుపు నాకిష్టమని నీకు గుర్తుండడం మాత్రం బావుంది.

నీ వదిన

ఆగస్టు 2

వదినకు,

ఉత్తరం అందింది. నీకు చేతనవుతున్నందుకు సంతోషం. గదిలో పాత సామాను పెట్టించేస్తాను. తెరల అవసరం లేదు.

మరదలు

ఆగస్టు 11

చిన్నమ్మాయ్,

"మరదలు" అని రాశావు, "నీ మరదలు" అని రాయలేదు. కుట్టుపనిలో ఒక దారం పోగు తేడా పడితే నాకు వేళ్ళకు తెలుస్తుంది. నీకు కోపం వచ్చింది.

మొదట నాకూ వచ్చింది. మిడిసిపడుతోంది, నేను దాని చేతికింద పడి ఉంటేనే దానికి తృప్తి, అనుకున్నాను. నీళ్ళలో కడ్డీ వదిలి ఒంటికాలి మీద నిలబడడం నేర్పుతున్నారు మాకు. నిలబడి నీతో మనసులో తగువాడుతున్నాను. విజిలమ్మ వచ్చి "ఎవరి మీదండీ ఒంటికాలి మీద లేస్తున్నారు?" అంది. నా ఆడపడుచు మీద అన్నాను. "అయితే రెండో కాలి మీద కూడా లేవండి" అంది.

నిన్న నీ కొడుకు నాకు ఫోన్ చేశాడు. వాడు గట్టిగా మాట్లాడతాడు కాబట్టి అంతా వినపడింది. "అత్తా, ఆ నీళ్ళ వ్యాయామం అమ్మకు పనికొస్తుందా?" అన్నాడు. మీ అమ్మకేం, సుఖంగా ఉందిగా అన్నాను. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. నా దగ్గర్నుంచి వెళ్ళాక నువ్వు ఒక్కసారి కూడా మేడ దిగలేదట. స్నానానికి వెళ్ళాలంటే కోడలు షాపునుంచి వచ్చేదాకా కాచుకుంటావట. గోడ పట్టుకుని నడుస్తున్నావట. ఎక్కడా పడలేదు, జ్వరం లేదు, డాక్టరు చూసి ఏమీ లేదన్నాడట.

నిజమేనా? నేను మహారాణివి అన్నది ఇదంతా తెలియకే. నాకు చెప్పుకోవడానికి నీకేం అడ్డొచ్చింది? నాకు మందులు మింగించినదానివి, నన్ను ఒళ్ళు తుడిచి పడుకోబెట్టినదానివి, నా దగ్గర నీకు సిగ్గేమిటి?

వెంటనే రాయి. కోపంగా రాసినా ఫర్వాలేదు, పొడుగ్గా రాయి.

నీ వదిన, నీదే

ఆగస్టు 20

వదినా,

వాడి నోరు మూతపడదు. చిన్నప్పుడూ అంతే.

నిజమే. ఎప్పుడు మొదలైందంటే, నీ దగ్గరే. ఆసుపత్రిలో నిన్ను పక్కకు తిప్పేటప్పుడు చూశాను కదా. పిల్లలకు యూనిఫారాలు కొలుస్తూ "కదలకురా" అని గద్దించే మనిషివి, మంచి నీళ్ళ గ్లాసు అందుకోలేక నావైపు చూశావు. ఒక్క క్షణం కాలు తప్పితే ఇంతేనా అనిపించింది. తిరిగొచ్చి మా మేడ మెట్ల పైన నిలబడితే కాళ్ళు చల్లబడ్డాయి. రేపు దిగుదాంలే అనుకున్నాను. మర్నాడూ అంతే. కొన్నాళ్ళకు నిజంగానే కాళ్ళలో బలం తగ్గింది. బలం తగ్గిందని భయం, భయమని కూర్చోవడం. పిల్లలు మంచివాళ్ళు, అడగక ముందే అన్నీ అందిస్తారు. నేను అందుకుంటూనే ఉన్నాను.

నువ్వొస్తే నీకు నేను కాపలా ఉంటానని చెప్పాను కదా. అది అబద్ధం కాదు, కానీ మొత్తం నిజమూ కాదు. నీ వాకరు పక్కన నడుస్తూ ఉంటే నేనూ నడుస్తాననుకున్నాను. వీధి చివరిదాకా వెళ్ళొద్దామా అని అడగడానికి నాకో మనిషి కావాలి వదినా. నువ్వేమో ఉత్తరం ఉత్తరానికీ గట్టిపడుతున్నావు. నువ్వు మెట్లు దిగి కొట్టు తెరిచానని రాస్తే సంతోషించాల్సింది పోయి, ఇక నువ్వు రావు అని ఏడ్చాను.

గదిలో సామానేమీ పెట్టలేదు. రోజూ మధ్యాహ్నం వెళ్ళి ఆ కిటికీ దగ్గర కూర్చుంటాను.

నీ మరదలు

ఆగస్టు 27

పిచ్చి మరదలా,

వస్తున్నాను. వచ్చే బుధవారం పొద్దున బస్సుకు. నీ కొడుకును నా కోసం పంపావో, ఎక్కను. వాకరు వదిలేశాను, చేతికర్ర చాలు. డ్రైవరుగారు స్టాండు దాకా వచ్చి ఆ బస్సు డ్రైవరుకు నన్ను అప్పగించి, బ్రేకులు మెల్లగా వెయ్యమని చెప్తారట. భార్యతో కలిసే వస్తారు, నువ్వు మళ్ళీ మొదలుపెట్టకు.

మీ ఊళ్ళో ఈతకొలను ఉందా అని విజిలమ్మ చేత కనుక్కున్నాను. స్కూలు వెనక ఉందట. ముందు మీ డాక్టరు దగ్గరికెళ్ళి నీళ్ళలో దిగొచ్చా అని అడుగు. గుండె, బీపీ అన్నీ చూపించుకో. ఆ పని నేనొచ్చేలోపు అయిపోవాలి.

నీకు పైజామా కుట్టాను. కొలతలు అడగలేదని చూడకు, నీ పెళ్ళికి బట్టలు కుట్టింది నేనే. కాస్త ఒళ్ళు చేసుంటావని పక్కన గుడ్డ వదిలాను.

నీకేమీ చెయ్యడానికి రావడం లేదు. నీళ్ళలో చెయ్యి పట్టుకోవడానికి వస్తున్నాను. నేను అరిచిన అరుపు నీ చెవుల్లో ఉండిపోయింది కదా, దాని మీద ఇంకేదైనా వేసి పోవాలి.

నీ వదిన

అక్టోబరు 5

మరదలు పిల్లా,

ఇల్లు చేరాను. గడియారాలాయన కొట్టు ఊడ్చి ఉంచాడు. నా మంచం మీద నేను పడుకున్నాను, అయినా పొద్దున లేచి లేత పసుపు గోడ ఎక్కడా అని వెతుక్కున్నాను.

బస్సులో దారంతా ఆ కొలను మేనేజరునే తలుచుకుని నవ్వుకున్నాను. "ఇది పిల్లలు ఈత నేర్చుకునే చోటండీ, పెద్దవాళ్ళకు కాదు" అన్నాడు కదా. నేను వాదించడానికి నోరు తెరిచేలోపు, మేడ దిగి వచ్చిన అలసటకు అక్కడే బెంచీ మీద కూలబడ్డ నువ్వు, ఆ టెలిఫోన్ గొంతుతో, "ఏ వయసు దాకా పిల్లలంటారో కాస్త చెప్పండి, లైన్లోనే ఉంటాం" అన్నావు. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందే! అతను నీళ్ళు వేడి చేయిస్తానని మాటిచ్చేదాకా నువ్వు లైను వదల్లేదు.

దిగేటప్పుడు మాత్రం గట్టు మీద నా చెయ్యి ఎంత బిగబట్టావంటే, గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. నడుము దాకా వచ్చి "చాలు వదినా, ఇక పోదాం" అన్నావు. పోదాంలే, మునిగిపోయిందేముంది అన్నాను. మునగడం మాటెత్తినందుకు నా నెత్తిన మొట్టబోయావు. మొట్టడానికి చెయ్యి వదిలావు. అప్పుడు నువ్వు దేన్నీ పట్టుకోకుండా నిలబడి ఉన్నావు. అది నువ్వు గమనించలేదు. నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

నేను లేనని మానకు. మీ కోడలు చూపించిన ఆ నేర్పే అబ్బాయి నిదానస్తుడు, వాడు చెప్పినట్టే చెయ్యి. తొందరపడి లోతుకు పోకు.

నీ వదిన

డిసెంబరు 12

వదినా,

ముందే చెప్తున్నాను, మా వాడు ఫోన్ చేసి నా మీద చాడీలు చెప్తే నమ్మకు. వాడు చెప్పేవన్నీ నిజమే, అయినా నమ్మకు.

ఇప్పుడు కొలనుకు నేనొక్కదాన్నే వెళ్ళొస్తున్నాను. మొదట్లో వాడు వెనకాలే దూరంగా, చెట్ల చాటున నడిచొచ్చేవాడు. నేను చూడనట్టే ఉండేదాన్ని. ఒకరోజు వెనక్కి తిరిగి "ఆఫీసుకు ఆలస్యమవుతుంది పోరా" అన్నాను. అప్పటినుంచి రావడం లేదు. మేము ఇప్పుడు చాలామందిమి అయ్యాం. నీ పైజామా చూసి అందరూ అడుగుతున్నారు, కొలతలు విడిగా పంపిస్తాను.

నిన్న నీళ్ళలోంచి వచ్చాక ఒళ్ళు తేలికగా ఉండి, ఇంటికి నడవకుండా సరదాకి బస్సెక్కాను. కిటికీ పక్కన ఎండ. నిద్రపట్టేసింది. కండక్టరు లేపేసరికి ఊరి చివర, బస్సులు తిరిగే చోటు. ఎన్నడూ చూడని వీధి. భయం వేస్తుందేమో అని కాసేపు ఆగి చూసుకున్నాను. వెయ్యలేదు. ఆకలేసింది. ఒక కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని టీలో బన్ను ముంచుకుని తిన్నాను. పక్కనే ఒకాయన చెప్పులు కుడుతుంటే చూస్తూ కూర్చున్నాను. నువ్వయితే ఆయన కుట్టు సరిచేసేదానివి. ఒక బస్సు పోయింది, ఇంకోటి వస్తుందిలే అనుకున్నాను. అదీ పోయింది, ఆ తర్వాతివీ పోయి పొద్దు వాలింది. ఫోను ఇంట్లోనే మరిచిపోయాను.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. కోడలు షాపు వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. మా వాడు కొలను, ఆసుపత్రి, పోలీసు స్టేషను అన్నీ తిరిగొచ్చి, చెదిరిన జుట్టుతో, నన్ను చూడగానే కేకలు మొదలుపెట్టాడు. ఎక్కడికి పోయావు, చెప్పి పోవద్దా, నీకు బుద్ధుందా అని. ఎదురింటివాళ్ళు కూడా కిటికీలోంచి చూస్తున్నారు. నేను మెట్ల దగ్గరే నిలబడి అన్నీ విన్నాను. తప్పే, చెప్పి వెళ్ళాల్సింది. కోడలి చెయ్యి పట్టుకుని మరి చెయ్యనని మాటిచ్చాను.

కానీ వదినా, నీకొక్కదానికే చెప్తున్నాను. వాడు అలా తిడుతుంటే ఎంత బావుందో! ఎన్నాళ్ళయిందో, ఇంట్లోవాళ్ళు నా కోసం ఎదురుచూడాల్సినంత దూరం నేను వెళ్ళి.

నీ మరదలు